లింగమ్మ తెచ్చిన రాయి

గోనెగండ్ల చుట్టుపక్కల ఊళ్ళలో లింగమ్మను ఎరగనివాళ్ళు తక్కువ. ఎరిగినవాళ్ళలో ఆమె పేరు చెబితే నవ్వనివాళ్ళు ఇంకా తక్కువ. "వజ్రాలక్క" అంటే చాలు, ఉల్లి నాట్లకు పోయే ఆడవాళ్ళు వంచిన నడుం ఎత్తి మరీ నవ్వేవాళ్ళు. ఆ పేరు ముద్దుకు పెట్టింది కాదు. నిరుడు తొలకరి వానల్లో జరిగిన ఒక్క సంగతికి ఊరు అంటగట్టిన పేరు. నవ్వేవాళ్ళకేం, నోటికి ఖర్చు లేదు. పడేవాళ్ళకే తెలుస్తుంది.

ఆమె పుట్టిల్లు తుగ్గలి వైపు. అక్కడి ఎర్రనేలల్లో తొలకరి పడిందంటే విత్తనాలకంటే ముందు జనం చేలల్లో దిగుతారు. కార్లలో వచ్చినవాళ్ళు టోపీలు పెట్టుకుని, బస్సుల్లో వచ్చినవాళ్ళు తలమీద తువ్వాలు వేసుకుని, అందరూ నేలకేసి చూస్తూ తిరుగుతారు. వాన కడిగిన నేలలో వజ్రం బయటపడుతుందని ఆశ. చాలామంది ఎండదెబ్బతో, కాళ్ళ నొప్పులతో ఇంటికి పోతారు. లింగమ్మ మాత్రం నడక నేర్చిన కాడినుంచి ఆ చేలల్లో వాళ్ళమ్మ ఉచ్చీరమ్మ కొంగు పట్టుకుని తిరిగిన మనిషి.

ఉచ్చీరమ్మ బతికినన్నాళ్ళూ కూతురికి ఆస్తి ఏమీ ఇవ్వలేకపోయింది గానీ, చూపు ఇచ్చింది. పొద్దుటి ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు సూర్యుడికి ఎదురుగా నడవాలి. వంగి వెతకకూడదు, చూపును నేలమీద ఊరికే జారనివ్వాలి. పలుగురాయి మెరుస్తుంది, గాజుపెంకు మెరుస్తుంది, వాటికి మోసపోకూడదు. సాన పట్టని వజ్రం అంతగా మెరవదు, నూనె చేత్తో తాకినట్టు నిగనిగలాడుతుంది. తడిమట్టి దానికి అంటుకోదు. నాలుకమీద పెట్టుకుంటే జిల్లుమని చల్లదనం పాకుతుంది. దొరికినప్పుడు నలుగురిలో దాని పేరు ఎత్తకూడదు. "గింజ దొరికింది" అనాలి, కొంగున కట్టుకుని ఇంటిదారి పట్టాలి. అదీ ఉచ్చీరమ్మ చదువు.

ఆ చదువుతో లింగమ్మ గోనెగండ్ల పక్క ఊరికి కాపురానికి వచ్చింది. ఏడాది పొడుగునా పరాయి చేలల్లో కలుపు తీసింది, పత్తి ఏరింది, మిరపకాయలు కోసింది. తొలకరికి మాత్రం ఒక వారం పుట్టింటికి పోయేది. ఆ వారం ఆమెను అదిలించే మేస్త్రీ ఉండడు. ఎవరి సాలు ముందుందో చూసేవాళ్ళు ఉండరు. తనకు తెలిసిన పని తనకోసం చేసుకునేది ఆ వారమే. ఇన్నేళ్ళలో చెప్పుకోదగ్గ రాయి ఒక్కటీ దొరకలేదు. అయినా ఆమె ముఖంలో ఏ కోశానా బాధ కనిపించేది కాదు. "నా కంట్లో పడితే నేను ఇడ్సేదాన్ని కాదు. ఇంగా పడలేదు, అంతే" అనేది. ఆ ధీమా ఒక్కటే ఆమెకు సొంతం.

మొగుడు గిడ్డయ్య ఇళ్ళలో బండలు పరిచే మేస్త్రీ. ఎమ్మిగనూరులో, ఆదోనిలో ఎవరు కొత్త ఇల్లు కట్టినా నేల చదునుకు అతన్నే పిలుస్తారు. మంచివాడే, తాగుడు లేదు, పెళ్ళాం మీద చెయ్యెత్తింది లేదు. ఉన్నదల్లా పనిమీద పొగరు. తను పరిచిన బండమీద గోలీ పెడితే కదలదని చెప్పుకుంటాడు, నిజంగానే కదలదు. అతని దగ్గర కరెంటు కోత యంత్రం ఉంది. దానికి బిగించే ఇనుప చక్రాన్ని అందరూ డైమండ్ బిళ్ళ అంటారు, దాని అంచుకు వజ్రం పొడి పట్టించి ఉంటుంది. నీళ్ళు పోస్తూ నల్ల గ్రానైటు మీద దాన్ని నడిపిస్తే, పెరుగు ముంతలో గరిటె దిగినట్టు దిగిపోతుంది. వజ్రమంటే ఏమిటో ఊళ్ళో తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని గిడ్డయ్య నమ్మకం. రోజూ చేత్తో పట్టుకునేవాడికి ఆ మాత్రం నమ్మకం ఉండదా మరి.

నిరుడు తొలకరికి లింగమ్మ వెంట ఎదురింటి హనుమంతమ్మ కూడా పోయింది. మూడు దినాలు ఏమీ లేదు. నాలుగో పొద్దు, కంది చేను గట్టు దాటుతుండగా లింగమ్మ నిలబడిపోయింది. హనుమంతమ్మ పామేమో అనుకుని రెండడుగులు వెనక్కు వేసింది. లింగమ్మ నెమ్మదిగా కూర్చుని వేరుశనగ గింజంత రాయిని రెండు వేళ్ళతో ఎత్తింది. చుట్టూ బురద, దానికి మాత్రం మట్టి లేదు. కొంచెం పసుపు చాయ. నాలుకమీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు అట్లాగే ఉండి, "గింజ దొరికిందే" అంది. అమ్మ బతికుంటే బాగుండుననిపించి ఆ గట్టుమీదే కూర్చుని ఏడ్చింది కూడా.

అదే రోజు బస్సెక్కి ఊరికి వచ్చారు. గిడ్డయ్య వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. వీధి చివర టీ హోటలు నడిపే హనుమన్న అప్పు అడగడానికి వచ్చాడో, ఊసుపోక వచ్చాడో, అక్కడే ఉన్నాడు. ఇంటికి చేరాక ఇంక దాచేదేముందని లింగమ్మ సంచి విప్పిందో లేదో పదిమంది మూగారు. రాయి చేతులు మారింది. ఒకడు అద్దం పెంకంటాడు, ఇంకొకడు పటికబెల్లం అంటాడు. హనుమన్న దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"ఏం గిడ్డన్నా, వజ్రాల పని చేసేటోనివి నువ్వే. నిజమో అబద్ధమో తేల్సు" అన్నాడు.

"తేల్సేదేముండాది?" అన్నాడు గిడ్డయ్య ఉత్సాహంగా. "నా బిళ్ళకుండే వజ్రం దినామూ గ్రానైటును కోస్తాంటాది, పలుకు రాల్దు. ఇది వజ్రమే అయితే సుత్తికి సొట్ట పడల్ల గానీ దీనికేమవుతాది?"

ఇక్కడ లింగమ్మ అడ్డుపడి ఉంటుందని అనుకుంటారేమో. పడలేదు. ఆమెకూ అదే తెలుసు. వజ్రం పగలదు, అందుకే దాన్ని వజ్రమన్నారు, ఉచ్చీరమ్మ కూడా అంతకు మించి చెప్పలేదు. పైగా అంతమంది ముందు తన రాయి గెలిచి నిలబడుతుందన్న సంబరం. తనే ముందుకు వచ్చి, గడపపక్కన మిగిలిపోయిన గ్రానైటు ముక్కమీద రాయిని నిలబెట్టింది. "కొట్టు" అంది.

గిడ్డయ్య కొట్టాడు. నోట్లో కల్లుప్పు నలిగినంత చప్పుడు అయింది. సుత్తి ఎత్తి చూస్తే రాయి లేదు, తునకలూ పొడీ ఉన్నాయి.

హనుమన్న "అయ్యో వజ్రాలక్కా" అన్నాడు. ఆ మాటకు పుట్టిన నవ్వు వీధి చివరిదాకా పోయింది, మర్నాడు పక్క ఊరికి చేరింది. గిడ్డయ్య నవ్వలేదు పాపం. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు, "పోనీలేమే, గాజుపెంకుకు ఎవురన్నా ఏడుస్తారా?" అన్నాడు. ఓదార్చడానికే అన్నాడు. ఆమెకు హనుమన్న నవ్వుకంటే ఆ ఓదార్పే ఎక్కువ గుచ్చుకుంది. అంతకుముందే, అందరూ పోయాక, ఆమె తడివేలితో ఆ తునకలను ఒక్కొక్కటే అద్ది ఎత్తుకుంది. పారేయడానికే ఎత్తింది. చెయ్యి రాక వక్కాకు సంచిలో ఒక మూల వేసుకుంది.

అప్పటి నుంచి లింగమ్మ మారిపోయింది. పైకి ఏమీ లేదు, కూలికి పోతుంది, వస్తుంది, వండుతుంది. కానీ బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు కూడా వేళ్ళు తడబడేవి. ఇది రాయేనా అని ఒక గింజను రెండుసార్లు చూసేది. ఇన్నేళ్ళూ నాకు తెలుసు అనుకున్నది తెలియనే తెలియదేమో, అమ్మ చెప్పిందంతా ఉత్తదేనేమో అన్న అనుమానం లోపల గూడు కట్టుకుంది. ఈ ఏడు తొలకరి పడ్డప్పుడు హనుమంతమ్మ వచ్చి పిలిస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పి ముఖం తిప్పుకుంది. ఆ వారమంతా ఎండకు ఎదురుగా నడవడమే మానేసింది.

శ్రావణ మాసంలో హనుమంతమ్మ తన కూతురు సంతోషికి ముక్కుపుడక తీసుకోవాలని ఆదోనికి బయలుదేరింది. తోడు రమ్మని లింగమ్మను బతిమాలింది. ఇద్దరూ బజారులో రెండు మూడు కొట్లు ఎక్కి దిగి, చివరికి సందులో ఒక చిన్న దుకాణంలో కూర్చున్నారు. అక్కడ మహేశ్వర్ అనే ముప్పై ఏళ్ళవాడు రాళ్ళు పొదుగుతాడు. సూరత్‌లో సాన పట్టే పని నేర్చి వచ్చిన మనిషి, మాట మెత్తన. అతను నల్లగుడ్డమీద రెండు ముక్కుపుడకలు పెట్టాడు. రెండూ ఒకేలా ధగధగలాడుతున్నాయి.

"ఇది భూమిలో దొరికిన వజ్రం. ఇది ల్యాబులో చేసింది. దీని ధర శానా తక్కువ" అన్నాడు.

"చేసింది అంటే నకిలీ గద నాయనా" అంది హనుమంతమ్మ.

"కాదమ్మా. గాజుతో చేసుంటే నకిలీ. ఇది కూడా వజ్రమే. సన్నటి వజ్రం పలుకును విత్తనం మాదిరి పెడతారు. మూసిన యంత్రంలో గ్యాసు నింపి బాగా కాగనిస్తే, పొరమీద పొర ఎక్కి కొన్ని వారాల్లో పెరుగుతుంది. భూమి లోపల అదే పని జరగడానికి కోట్ల ఏండ్లు పట్టింది. అందుకే అది అరుదు. ఇది ఎన్ని కావాలంటే అన్ని చేస్తారు, కాబట్టి చవక."

విత్తనం అన్న మాట వినగానే లింగమ్మ తలెత్తింది. అంతవరకూ ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది.

మహేశ్వర్ పెన్నులాంటి పనిముట్టు ఒకటి తీసి రెండు రాళ్ళకూ తాకించాడు. రెండింటికీ అది కీచుమంది. "చూడండి, ఇది రెండింటినీ వజ్రమనే చెప్తుంది. యాడ పుట్టిందో దీనికి తెలీదు. అది తేల్చాలంటే పెద్ద యంత్రాల్లో పెట్టి, లోపల ఎట్ల పెరిగిందో చూడాల."

"అట్లయితే భూమిలో దొరికిందంతా నగకు పనికొస్తాదా?" లింగమ్మ నోట మాట తనకు తెలియకుండానే వచ్చింది.

"యాడ పనికొస్తాదమ్మా! దొరికేదాంట్లో శానా భాగం నల్లగానో, మబ్బుగానో, లోపల పగుళ్ళతోనో ఉంటాది. దాన్ని పొడి చేసి బోరు వేసే మొనలకు, రాళ్ళు అరగదీసే పనిముట్లకు వాడతారు. రంగు తేటగా, లోపల శుభ్రంగా, సాన పట్టినాక కూడా చేతిలో ఏదో ఒకటి మిగిలేంత ఉన్నదే నగలోకి వస్తాది."

"మా ఇంటాయన బండలు కోసే బిళ్ళకు కూడా వజ్రం ఉంటాది."

మహేశ్వర్ నవ్వాడు. "అది ఇప్పుడు భూమిదే కాదమ్మా. ఫ్యాక్టరీలో పెద్ద ఒత్తిడి పెట్టి, సన్న రవ్వగా చేస్తారు. అందంతో దానికేం పని? కోస్తే చాలు."

లింగమ్మ చేతులు వక్కాకు సంచిమీదికి పోయాయి. తీయాలా వద్దా అని ఆమె చాలాసేపు తటపటాయించింది. మళ్ళీ నవ్వులపాలు కావడానికి ఆమెకు ఓపిక లేదు. కానీ ఇంటికి పోయి ఇంకో ఏడాది ఇదే అనుమానంతో బతకడానికి అంతకంటే ఓపిక లేదు. చివరికి సంచి మూల విదిలించి ఆ తునకలను నల్లగుడ్డమీద పోసింది.

"ఇవి సూడు నాయనా. గాజైతే గాజని సెప్పు, నేనేం అనుకోను."

మహేశ్వర్ వాటిలో పెద్దదాన్ని సన్న పట్టకారుతో ఎత్తాడు. కంటికి భూతద్దం బిగించాడు. తిప్పి తిప్పి చూశాడు. పెన్ను తాకించాడు, కీచుమంది. ఇంకో తునకకు తాకించాడు, మళ్ళీ కీచుమంది. హనుమంతమ్మ ముందుకు వంగింది.

"ఇది యాడిదమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు సెప్పు ముందు."

"గాజు పగిలితే గవ్వ చిప్ప మాదిరి వంపు తిరుగుతాది. పలుగురాయీ అంతే. ఇది చూడండి, అద్దం మాదిరి చదునుగా, మెట్లు మెట్లుగా పగిలింది. ఈ పక్క దాని పాత చర్మం మిగిలుంది. దాంట్లో సన్న సన్న మూడు మూలల గుంతలు ఉండాయి. యంత్రంలో చేసినదానికి ఇవి రావు. ఇది వజ్రమేనమ్మా, భూమిలో పుట్టిన వజ్రం. ఎవురో సుత్తితో కొట్టినారు."

లింగమ్మ గుండెల్లోంచి సంతోషం ఎగదన్నుకొచ్చింది, దుకాణంలో ఉన్నామన్న ధ్యాస కూడా లేకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. నా కన్ను తప్పు కాదు, మా అమ్మ తప్పు కాదు అని లోపల్లోపల అనుకుంది. రాయి ఎంత పలికేదో అడగాలని ఆమెకు తట్టనే లేదు. అడిగింది హనుమంతమ్మ.

"ఇప్పుడు ఎట్ల చెప్తానక్కా? ఈ తునకను బట్టి చూస్తే రంగు లేత పసుపు, లోపల మచ్చలు కనపడలేదు. నగకు పనికొచ్చే రాయే అనిపిస్తాంది, ఒట్టేసి చెప్పలేను. ఇప్పుడు మాత్రం దీని నిండా పగుళ్ళే. ఇంక పొడి కిందికే."

"వజ్రం పగల్దంటారు గదప్పా?" అంది లింగమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"గీత పడదమ్మా. దేనితో గీకినా దానిమీద గీత పడదు. దేన్నైనా అది గీస్తాది. పగలడం వేరే సంగతి. తుమ్మ మొద్దు ఎంత గట్టిది? పోగు వెంబడి గొడ్డలి పడితే చీలదా? దీనికీ లోపల అట్లాంటి పొరలు ఉంటాయి. మీ ఆయన బిళ్ళలో ఉండేది ఇసక మాదిరి సన్నపొడి, మెత్తని లోహంలో కూర్చి ఉంటాది. దాన్ని చూసి ఇది పగల్దనుకోవడం... శానామంది చేసే తప్పేలేమ్మా."

మీ ఆయన అన్న మాటతో లింగమ్మ సంతోషం సగానికి దిగింది. అప్పుడు గుర్తొచ్చింది, సుత్తి పట్టిన చెయ్యి ఎవరిదో.

ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె దారి పొడుగునా సంచిని ఒళ్ళో పట్టుకుంది. బయట పత్తి చేలు నడుములోతు ఎదిగి ఉన్నాయి. హనుమంతమ్మే మాట కదిపింది.

"లింగక్కా, నా మాట ఇను. గిడ్డన్నకు సెప్పొద్దు. తన సేత్తో పగలగొట్టినానని తెలిస్తే మనిషి కూలిపోతాడు. మొగోడు, అందులోనూ ఆయప్ప. పనిలో తన అంతటోడు లేడనుకునే మనిషి. ఇంగ సుత్తి పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తుకొస్తాది. నీకు తెలిసింది గద, సాలు. మనసులో పెట్టుకో."

ఆ మాటలో న్యాయం ఉందని లింగమ్మకూ తెలుసు. గిడ్డయ్య ఆమెను ఏనాడూ నొప్పించలేదు. ఈ ఏడాదిగా ఊరు వజ్రాలక్క అంటుంటే అతను ఒక్కసారైనా ఆ మాట వాడలేదు. అట్లాంటివాడి నెత్తిన ఇంత బరువు ఎందుకు వేయాలి? గాజే అనుకుని హాయిగా నిద్రపోతున్నాడు, పోనీ.

కానీ ఇంకో వైపు నుంచి కోపం రగిలింది. మరి నేను? నేను చచ్చేదాకా గాజుపెంకు తెచ్చినదాన్నేనా? నా మాట అబద్ధంగా, అతని మాట నిజంగా నిలవాలంటే నేను నోరు మూసుకోవాలి. నా నోటితో నేనే నన్ను అబద్ధం చేసుకోవాలా? ఆడవాళ్ళకు ఇట్లాంటి త్యాగాలు అంటగట్టడం అందరికీ సులువే. లింగమ్మకు ఆ పూట అది గొంతు దిగలేదు. చెబితే అతను నొచ్చుకుంటాడు, చెప్పకపోతే తను రోజూ నొచ్చుకోవాలి. చెప్పి, అతని పక్కన కూర్చుని ఇద్దరం నొచ్చుకోవచ్చు గదా అనిపించింది. ఎమ్మిగనూరు వచ్చేసరికి సంచి చంకన పెట్టుకుని లేచింది.

"యాడికి?" అంది హనుమంతమ్మ.

"ఆయప్ప ఈడనే పనిచేస్తాండాడు. నువ్వు పో, మేము తర్వాత బస్సుకు వస్తాం."

కొత్తగా కడుతున్న ఇంట్లో గిడ్డయ్య వసారాకు బండలు కోస్తున్నాడు. తల నుంచి కాలిదాకా తెల్లటి పొడి. పెళ్ళాన్ని చూసి యంత్రం ఆపాడు. ఎవరికైనా ఏమన్నా అయిందేమోనని ముందు భయపడ్డాడు. ఆమె అతన్ని గోడ నీడకు పిలిచి కూర్చోబెట్టింది. సంచిలోని తునకలు అతని అరచేతిలో పోసింది. మహేశ్వర్ చెప్పిందంతా, గీతపడడం గురించి, పొరల గురించి, బిళ్ళలోని పొడి గురించి, ఒక్కమాట పొల్లుపోకుండా చెప్పింది. తగ్గించి చెప్పలేదు, పెంచీ చెప్పలేదు.

గిడ్డయ్య వేలితో తునకలను అటూ ఇటూ కదిపాడు.

"ఆ పొద్దు నువ్వేమన్నా వద్దంటివా?" అని అడిగాడు.

"లేదప్పా. బండమీద పెట్టింది నేనే. కొట్టమన్నదీ నేనే."

"నీకు తెల్దు. నాకు తెలుసని నేనన్నా గద."

అంతే. తునకలను జాగ్రత్తగా ఆమె సంచిలో వేశాడు. లేచి పోయి సగం కోసిన బండను పూర్తిగా కోశాడు, అంచు రుద్దాడు, యంత్రం కడిగి సర్దాడు. లింగమ్మ భయం భయంగా చూస్తూ కూర్చుంది. కేకలు వేసినా బాగుండేది, తిట్టినా బాగుండేది. బస్సులో కూడా అతను ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. హనుమంతమ్మ చెప్పిందే నిజమేమో, తప్పు చేశానేమోనని ఆమె ప్రాణం కొట్టుకుంది. నాకు నా మాట నిలబడితే చాలు అనుకున్నా, మనిషిని పడగొట్టుకున్నానేమో అని దిగులు పట్టుకుంది.

ఊళ్ళో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. అందరూ వాకిళ్ళలో కూర్చున్న వేళ. గిడ్డయ్య ఇంటివైపు తిరగలేదు. వీధి మొదట్లో బజారి అనే అతని ఇంటి అరుగు దగ్గర ఆగాడు. బజారి బీడీ ముట్టించుకుంటున్నాడు.

"బజారీ, ఇనప్పా. నిరుడు మా లింగమ్మ తెచ్చింది గాజు కాదు. వజ్రమే. ఆదోనిలో సూపించినాము. పగలగొట్టింది నేను. వజ్రమంటే ఏందో నాకు తెల్దు. దానికి తెలుసు."

బజారి చేతిలో అగ్గిపుల్ల కొసదాకా కాలింది. లింగమ్మ నివ్వెరపోయి నిలబడింది. ఈ మనిషి తను పరిచిన బండ ఒక పక్క వెంట్రుకవాసి ఎగుడుగా ఉందంటే ఒప్పుకునే రకం కాదు. ఇల్లుగలవాడితో రోజంతా వాదించే రకం. గిడ్డయ్య అప్పటికే పక్క ఇంటికి పోయాడు. అక్కడా అదే చెప్పాడు. ఒక్క మాట మార్చలేదు, సాకు చెప్పలేదు, లింగమ్మే కొట్టమందన్న సంగతి ఎత్తనైనా లేదు. ఒక ముసలామె "అయ్యో నాయనా, ఎంత పని చేసుకుంటివి" అని బుగ్గలు నొక్కుకుంది. ఒక పడుచువాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఈసారి గిడ్డయ్యకు తగిలింది. అతను కళ్ళు దించుకున్నాడు గానీ నడక ఆపలేదు.

నాలుగిళ్ళయ్యేసరికి లింగమ్మకు కళ్ళు కనిపించడం లేదు, కొంగంతా తడిసిపోయింది. అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంగ సాలప్పా. నాకు సాలు. ఇంటికి పోదాం పా."

అతను వీధి చివరికి చూశాడు. టీ హోటలు ముందు బెంచీల నిండా జనం. లోపల హనుమన్న గ్లాసులు కడుగుతూ ఎవరితోనో పెద్దగా నవ్వుతున్నాడు. గిడ్డయ్య తువ్వాలుతో ముఖంమీది తెల్లపొడి తుడుచుకున్నాడు.

"హనుమన్నకు సెప్పల్ల ఇంగా" అన్నాడు.